వాకిట్లో మొదలైన బడి

తారాబాయి మోదక్, అనుతాయి వాఘ్‌ల స్మృతిలో చేసిన ఉపన్యాసం: ముద్రణ పాఠం



ఈ సాయంత్రం సభ తలచుకుంటున్నది ఇద్దరు మరాఠీ స్త్రీలను. తెలుగునాట వీళ్ల పేర్లు తెలిసినవాళ్లు తక్కువ. వీళ్లు నడిపిన వాకిటి బడి పేరు 'అంగన్‌వాడీ' మాత్రం ఇచ్ఛాపురం నుంచి ఆదిలాబాద్ దాకా పల్లె పల్లెలో ఏదో ఒక గోడ మీద రంగులతో రాసి కనిపిస్తుంది. పేరు దేశమంతా పాకింది. పేరు వెనకున్న పనిలో సగమే పాకింది. మిగిలిన సగం ఏమైందన్నదే ఈ ఉపన్యాసం విషయం.

బోర్డీ నుంచి కోస్‌బాడ్ గుట్ట దాకా

బొంబాయికి ఉత్తరాన, సముద్రాన్ని ఆనుకుని సపోటా తోటల మధ్య ఉన్న ఊరు బోర్డీ. 1945లో తారాబాయి మోదక్ అక్కడ గ్రామ బాల శిక్షా కేంద్రాన్ని ప్రారంభించారు. అప్పటికి ఆవిడ వయసు 53. బొంబాయి విశ్వవిద్యాలయంలో పట్టా పుచ్చుకుని, భావనగర్‌లోనూ బొంబాయి దాదర్‌లోనూ పసిపిల్లల బడుల్లో పనిచేసి పేరు తెచ్చుకున్నారు. పట్నంలోనే ఉండిపోతే ఎవరూ అడిగేవారు కాదు. పట్నం పిల్లలకు అబ్బిన చదువు పల్లెటూరి పిల్లలకు ఎందుకు అందకూడదన్న పట్టుదలే ఆవిణ్ని అక్కడికి నడిపించింది.

అనుతాయి వాఘ్ అప్పుడు 35 ఏళ్ల టీచరు. 13 ఏళ్లకే పెళ్లయింది. నెలలు తిరక్కుండానే భర్త పోయాడు. ఆ కాలంలో బాల వితంతువుకు రాసిపెట్టిన బతుకు ఎలాంటిదో చెప్పనక్కర్లేదు. ఆవిడ దాన్ని ఒప్పుకోలేదు. చదువుకున్నారు, ఉద్యోగం చేశారు, బోర్డీకి వచ్చి తారాబాయి దగ్గర చేరారు. 1992లో కన్నుమూసేదాకా ఆ పని విడిచిపెట్టలేదు.

బాలవాడి, అంటే పసిపిల్లల బడి, తెరిచినంత మాత్రాన పిల్లలు రాలేదు. ముఖ్యంగా దళితవాడ పిల్లలు ఆ గడప తొక్కలేదు. ఎందుకు రారని విసుక్కోకుండా టీచర్లే వాడకు వెళ్లారు. ఇళ్ల ముందు వాకిట్లో పిల్లల్ని పోగు చేశారు. ముఖాలు కడిగారు, స్నానాలు చేయించారు, తలలు దువ్వారు. ఆ తర్వాత పాట, కథ, ఆట. బడికి గోడలు లేకపోవడం వల్ల ఒక మేలు జరిగింది. లోపల ఏం చెబుతున్నారో, పిల్లలు ఏం చేస్తున్నారో తల్లులు పనులు చేసుకుంటూనే చూశారు.

ఆ తర్వాతి దశాబ్దంలో కేంద్రం కోస్‌బాడ్ గుట్టకు మారింది. అక్కడ ఉండేది ఎక్కువగా వార్లీ ఆదివాసులు. పిండితో గోడల మీద తెల్లని బొమ్మలు వేసే వార్లీలే. గుడిసెలు దూరదూరంగా ఉంటాయి. ఐదారేళ్ల పిల్ల చంకలో చంటిబిడ్డ ఉంటుంది. కాస్త పెద్దవాడైతే పశువుల వెంట వెళ్లాలి. కాబట్టి చంటిపిల్లల్ని చూసుకునే చోటు, బాలవాడి, ప్రాథమిక పాఠశాల మూడూ ఒకే ఆవరణలో పెట్టారు. తమ్ముణ్ని పక్కగదిలో దింపి అక్క బడిలో కూర్చోగలిగింది. పశువుల కాపరి పిల్లల కోసం పచ్చిక బయళ్లలోనే బడి నడిపారు. పిల్లల బతుకును బడి గంటలకు సరిపెట్టే బదులు బడి గంటల్నే వాళ్ల బతుక్కి సరిపెట్టారు.

మీసాల అమ్మ

తారాబాయికి ఈ దారి చూపింది గిజూభాయి బధేకా. 1885లో సౌరాష్ట్రలో పుట్టిన ఈయన వృత్తిరీత్యా వకీలు. కొన్నాళ్లు తూర్పు ఆఫ్రికాలో ఉండి వచ్చారు. 1913లో కొడుకు పుట్టాక వీడికి ఎలాంటి చదువు చెప్పించాలన్న ఆలోచన పట్టుకుంది. మాంటిస్సోరి రచనలు చేతికొచ్చాయి. కోర్టు వదిలి 1916లో భావనగర్‌లోని దక్షిణామూర్తి సంస్థలో చేరారు. 1920లో బాలమందిర్ తెరిచారు. 1923లో తారాబాయి వచ్చి ఆయనతో కలిశారు. ఇద్దరూ ముందుండి 1926లో నూతన బాల శిక్షణ సంఘాన్ని నెలకొల్పారు. గిజూభాయిని గుజరాత్ పిల్లలు, పెద్దలు మీసాలున్న అమ్మ అని పిలుచుకున్నారు.

మాంటిస్సోరి వైద్యురాలు. 1907 జనవరిలో రోమ్ నగరంలో శాన్ లోరెంజో అనే పేదవాడలో తొలి శిశుగృహం తెరిచారు. తల్లిదండ్రులు కూలికి పోతే మెట్ల మీద, వీధుల్లో తిరిగే పిల్లల కోసం పుట్టిన బడి అది. 1939లో ఆవిడ మద్రాసు అడయారుకు వచ్చారు. దివ్యజ్ఞాన సమాజం ఆహ్వానం మీద అక్కడ జరిగిన తొలి శిక్షణలో సుమారు 300 మంది చేరారు. యుద్ధం రావడంతో ఇటలీ పౌరురాలైన ఆవిడకు తిరిగి వెళ్లే వీలు లేకపోయింది. ఆ సంవత్సరాలు అడయారులోనూ కొడైకెనాల్‌లోనూ గడిచాయి. పేదవాడలో పుట్టిన ఆ పద్ధతి పేరు ఇప్పుడు మన పట్నాల్లో ఎక్కువ ఫీజు బళ్ల బోర్డుల మీద కనిపిస్తుంది. పేరుంది కదా అని పద్ధతి ఉంటుందన్న హామీ లేదు.

గిజూభాయి మాంటిస్సోరిని గౌరవించారు గానీ ఉన్నదున్నట్టు దించుకోలేదు. ఆరేళ్లలోపు పిల్లలకు కట్టుకథల మీద, ఊహాలోకాల మీద మాంటిస్సోరికి నమ్మకం తక్కువ. గిజూభాయి బడి కథ లేకుండా కదలదు. ఆయన 'దివాస్వప్న' 1930లలో వచ్చింది, తెలుగులో 'పగటి కల'గా చదువుకున్నాం. అందులోని టీచరు ఒక సర్కారు బడిలో నాలుగో తరగతిని ప్రయోగం కోసం తీసుకుంటాడు. మొదటి రోజు మాంటిస్సోరి దగ్గర నేర్చిన మౌనం ఆట ఆడించబోతాడు. కళ్లు మూసుకోండి, నిశ్శబ్దంగా ఉండండి అంటాడు. పిల్లలు గోలగోల చేసి దాన్ని మట్టి కరిపిస్తారు. మర్నాడు కథ మొదలుపెడతాడు. గది దానంతటదే సద్దుమణుగుతుంది. పుస్తకం చెప్పే సంగతి ఒకటే: ఎంత గొప్ప పద్ధతైనా ఎదురుగా ఉన్న పిల్లల్ని చూసి మార్చుకోవాల్సిందే.

తారాబాయి బోర్డీలో చేసింది ఆ మార్పే. మాంటిస్సోరి బడిలో గులాబీరంగు దిమ్మల గోపురం ఉంటుంది. పది ఘనాలు, అన్నిటికన్నా చిన్నది ఒక సెంటీమీటరు, పెద్దది పది సెంటీమీటర్లు. పెద్దదాని మీద చిన్నది పేర్చుకుంటూ పోతే పిల్ల తన తప్పు తనే పట్టుకుంటుంది. కొలత తప్పితే కంటికే తెలుస్తుంది, టీచరు చెప్పనక్కర్లేదు. ఇందులో ముఖ్యం వరుస, రంగూ కర్రా కాదు. సముద్రపు ఒడ్డున గవ్వలున్నాయి, పొలం గట్టున గింజలున్నాయి, వానకు మట్టి మెత్తబడుతుంది. చిన్న గవ్వ నుంచి పెద్ద గవ్వ దాకా వరుస పేర్చినా ఆ పనే జరుగుతుంది. ఖరీదైన సామాను లేనిదే మంచి బాలబడి సాగదన్న వాదన ఆనాడే వీగిపోయింది.

ఇటుక పొడి కారమైన వేళ

ఆడుకోవడానికైతే ఇంట్లోనే ఆడుకుంటారు కదా, బడికి పంపడం ఎందుకు అని అడిగే తల్లిదండ్రులున్నారు. వాళ్లను తప్పుపట్టలేం. ఆటలో ఏం జరుగుతుందో వాళ్లకెవరూ విప్పి చెప్పలేదు.

నలుగురు పిల్లలు గుజ్జనగూళ్లు ఆడుతున్నారనుకుందాం. కొబ్బరిచిప్ప గిన్నె, తడి ఇసుక అన్నం, నూరిన ఇటుక పొడి కారం, బాదం ఆకు విస్తరి. నాలుగేళ్ల పిల్ల అమ్మ. ఆ ఇసుకను ఎవరూ నోట్లో పెట్టుకోరు. తిన్నట్టు పెదాలు కదిపి, అబ్బ కారం అంటూ నీళ్లడుగుతారు. అక్కడ లేనిదాన్ని ఉన్నదిగా పట్టుకోవడం, ఒక వస్తువును మరోదానికి గుర్తుగా వాడటం జరుగుతోంది. రష్యన్ మనస్తత్వవేత్త వైగోత్‌స్కీ 1933లో ఇచ్చిన ఒక ఉపన్యాసంలో ఈ సంగతే చెప్పారు. కర్ర గుర్రమైన క్షణాన పిల్లవాడి మనసులో అర్థం వస్తువు నుంచి విడివడుతుంది. రాత కూడా అలాంటి పనే. మూడు వంకర గీతలు ఒక శబ్దానికి గుర్తని ఒప్పుకోవాలి. ఇటుక పొడిని కారంగా ఒప్పుకున్న పిల్లకు ఆ అలవాటు ముందే ఉంది.

అదే ఆటలో ఇంకోటి కూడా ఉంది. అమ్మ వేషం కట్టిన పిల్ల అందరికీ వడ్డించేదాకా తను తినకూడదు. ఎవరూ చెప్పలేదు, ఆ వేషానికున్న నియమం అది. మామూలుగా రెండు నిమిషాలు ఒకచోట నిలవని పిల్ల ఆ నియమం కోసం ఆగుతుంది. కూర్చోమని పదిసార్లు గదిమినా రాని నిగ్రహం ఇక్కడ తనంతట తనే వస్తుంది. పిల్లలు ఆటలో తమ వయసు కన్నా ఒక మెట్టు పైన ఉంటారని వైగోత్‌స్కీ అన్నది దీన్ని చూసే.

లెక్కలకూ ఇంతే. అచ్చనగాయల్లో ఐదు గింజలు. ఒకటి ఎగరేసి కింద ఒక్కొక్కటే తీయాలి, తర్వాత రెండేసి, తర్వాత మూడూ ఒకటీ, చివర నాలుగూ ఒకేసారి. నాలుగును ఎన్ని రకాలుగా విడగొట్టొచ్చో వేళ్లకు తెలిసిపోతుంది. మూడేళ్ల పిల్ల ఆ ఆట ఆడలేదు, పక్కన కూర్చుని చింతగింజల్ని ఒలిచినవీ ఒలవనివీ వేరుచేస్తుంది. అదీ లెక్కే. ఇంకా నోట్లో పెట్టుకునే వయసు పిల్లలున్నచోట గింజల బదులు పెద్ద గులకరాళ్లు ఇవ్వాలన్న జాగ్రత్త టీచర్లకు తెలిసిందే.

మన దగ్గర బొమ్మలకూ కరువు లేదు. అంకుడు కర్రను చెక్కి లక్క పూసే ఏటికొప్పాక బొమ్మలు, తేలికైన పొణికి కర్రతో చేసే కొండపల్లి బొమ్మలు షోకేసుల్లో ఉన్నాయి. తాటిబుర్రల బండి మాత్రం పిల్లల చేతుల్లోంచి దాదాపు మాయమైంది.

గీత దిద్దేముందు గీత గీయాలి

రంగుపెన్సిల్ దొరగ్గానే రెండేళ్ల పిల్లలు చేసేది పిచ్చిగీతలు. భుజం నుంచి చెయ్యంతా ఊగుతుంది. క్రమంగా కదలిక మోచేతికి, మణికట్టుకు, వేళ్లకు దిగుతుంది. మూడేళ్ల ప్రాంతంలో గీత తిరిగి తన మొదటికే వచ్చి సున్నా మూసుకుంటుంది. కొద్ది నెలల్లో ఆ సున్నాకు రెండు చుక్కల కళ్లు, కిందికి రెండు గీతల కాళ్లు వస్తాయి. పొట్ట ఉండదు, చేతులు తలలోంచే మొలుస్తాయి. ఏ దేశంలో చూసినా పసిపిల్లలు మనిషిని మొదట ఇలాగే వేస్తారు. దాన్ని చూసి పొట్టేదిరా అని నవ్వి, పక్కన సరైన బొమ్మ వేసి చూపితే పిల్లవాడు తన బొమ్మ మానేసి ఆ బొమ్మను కాపీ కొడతాడు. ఇది ఎవరు, ఏం చేస్తోంది అని అడిగితే కథ మొదలెడతాడు.

తెలుగు లిపిలో నిలువు గీతలు తక్కువ, గుండ్రాలు, మెలికలు ఎక్కువ. వేళ్లకు ఆ తిప్పుడు రాకముందే పలక మీద అ ఆ లు దిద్దించడం మొదలెడితే బలపం గట్టిగా నొక్కి, వేళ్లు నొప్పి పెట్టి, ఏడుపు తప్ప ఏమీ మిగలదు. ముగ్గు వేసే అమ్మ పక్కన కూర్చుని పిండి జారవిడిచే పిల్లకు చుక్క చుట్టూ మెలిక తిప్పడం ఆటగానే వస్తుంది. బంకమట్టి పిసికి పాములు చేయడం, ఆకులు చింపి అతికించడం, పూలు గుచ్చడం అన్నీ రాతకు కావలసిన వేళ్ల కసరత్తులే. అక్షరాభ్యాసంలో పిల్లల చేత పళ్లెంలో బియ్యం మీద వేలితో అక్షరం రాయిస్తాం. మాంటిస్సోరి గరుకు కాగితంతో అక్షరాలు కత్తిరించి వేలితో తడిమించారు. వేలికి అక్షరం స్పర్శగా అందాలన్నది రెండుచోట్లా ఉంది. తేడా తర్వాతి రోజు వస్తుంది. అక్కడ పిల్లలు నెలల తరబడి తడుముతూ ఆడుకున్నారు. మన దగ్గర మర్నాటికే కాపీ పుస్తకం, వారం తిరిగేసరికి హోంవర్క్.

బొమ్మలకు మార్కులు, స్టార్లు ఇవ్వడం గురించి ఒక మాట. 1973లో మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అమెరికాలో స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయపు నర్సరీలో చేసిన ఒక ప్రయోగాన్ని ప్రచురించారు. స్కెచ్ పెన్నులతో బొమ్మలు వేయడమంటే ఇష్టమున్న పిల్లల్ని ఎంచుకున్నారు. కొందరికి బొమ్మ వేస్తే బంగారు నక్షత్రం, ఎర్ర రిబ్బను ఉన్న బహుమతి పత్రం ఇస్తామని ముందే చెప్పారు. కొందరికి చెప్పకుండా తర్వాత ఇచ్చారు. మిగిలినవాళ్లకు ఏమీ ఇవ్వలేదు. కొద్దిరోజుల తర్వాత మామూలు ఆట సమయంలో అవే పెన్నులు పెట్టి దూరం నుంచి గమనించారు. బహుమతి ఒప్పందం మీద బొమ్మ వేసిన పిల్లలు ఆ పెన్నుల జోలికి వెళ్లిన సమయం మిగిలినవాళ్లతో పోలిస్తే దాదాపు సగమే. చెప్పకుండా ఇచ్చినవాళ్లలో ఆ తగ్గుదల లేదు. ఇష్టంగా చేసే పని కూలి పనిగా మారడానికి ఒక రిబ్బను సరిపోయింది.

ఇటలీలోని రెజ్జో ఎమిలియా పట్టణం దీనికి ఎదురు దిక్కున నడిచింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన వెంటనే ఆ పక్క పల్లెలో ఆడవాళ్లు, రైతులు కలిసి, వెళ్లిపోతూ జర్మన్లు వదిలేసిన ఒక ట్యాంకును, ట్రక్కుల్ని, గుర్రాల్ని అమ్మి ఆ డబ్బుతో పిల్లల బడి కట్టుకున్నారు. లోరిస్ మాలగుజ్జీ అనే యువ టీచరు ఆ కబురు విని సైకిల్ మీద చూడ్డానికి వెళ్లి, జీవితమంతా ఆ పనిలోనే ఉండిపోయాడు. ఆ ఊరి బాలబడుల్లో బొమ్మలకు, మట్టి పనికి ప్రత్యేకంగా ఒక గది, కళలు నేర్చిన ఒక టీచరు ఉంటారు. పిల్లల మాటల్ని రాసుకుని, వాళ్లు వేసిన బొమ్మల పక్కనే గోడకు పెడతారు. ఆ గోడ చదివితే పిల్ల ఏం ఆలోచిస్తోందో తల్లిదండ్రులకు అర్థమవుతుంది.

గంటకు 26 ప్రశ్నలు

బార్బరా టిజార్డ్, మార్టిన్ హ్యూస్ అనే బ్రిటిష్ పరిశోధకులు 30 మంది నాలుగేళ్ల ఆడపిల్లల మాటల్ని ఇంట్లోనూ, నర్సరీలోనూ రికార్డు చేశారు. ఇంట్లో తల్లితో ఉన్నప్పుడు సగటున గంటకు 26 ప్రశ్నలు వేసిన పిల్లలు నర్సరీలో టీచరుతో ఉన్నప్పుడు గంటకు రెండంటే రెండు వేశారు. నర్సరీలో ప్రశ్నలు లేవని కాదు. ఇదేం రంగు, ఇవెన్ని అని టీచర్లే అడిగారు, జవాబు వాళ్లకు ముందే తెలుసు. ఇంటి ప్రశ్నలు వేరు. కిటికీలు తుడిచిన మనిషికి డబ్బులు ఎందుకివ్వాలి అన్నచోట ఒక పిల్ల ఆగిపోయింది. తల్లి జవాబు చెబుతూ పోతే, పిల్ల మళ్లీ మళ్లీ తిరగేసి అడిగి, డబ్బు ఎవరి నుంచి ఎవరికి పోతుందో తేల్చుకుంది. పేదిళ్ల తల్లులకు పిల్లలతో మాట్లాడటం రాదన్న అపోహను ఆ పరిశోధన గట్టిగా దెబ్బతీసింది.

అయితే టీచరు నోరు మూసుకుని పక్కకు తప్పుకుంటే చాలా? ఎలిజబెత్ బోనవిట్జ్ బృందం 2011లో ప్రచురించిన ప్రయోగం దీనికి జవాబిస్తుంది. నాలుగైదేళ్ల పిల్లలు 85 మంది. ప్లాస్టిక్ గొట్టాలతో చేసిన ఒక వింత బొమ్మ. ఒక గొట్టం లాగితే కీచుమంటుంది, ఒకచోట నొక్కితే దీపం వెలుగుతుంది, మరోచోట నొక్కితే సంగీతం, ఇంకో గొట్టంలో చూస్తే అద్దంలో ముఖం తలకిందులుగా కనిపిస్తుంది. కొందరికి టీచరు పాత్రలో ఉన్న పరిశోధకురాలు, చూడు ఇది ఇలా పనిచేస్తుంది అని కీచుమనే గొట్టం ఒక్కటే పాఠంలా చూపింది. మరికొందరి ముందు అదే గొట్టాన్ని తెలియక లాగినట్టు లాగి, అరె, చూశావా అని ఆశ్చర్యపోయింది. తర్వాత బొమ్మను పిల్లల చేతికిచ్చింది. పాఠం విన్న పిల్లలు కీచుమనిపించి త్వరగా వదిలేశారు. ఆశ్చర్యం చూసిన పిల్లలు ఎక్కువసేపు వెతికి, మిగిలిన రహస్యాలు బయటపెట్టారు.

టీచరు రెండుచోట్లా ఉంది, ఆ గొట్టాన్నే లాగింది. మారింది గొంతు. అంతా చెప్పేశానన్న గొంతు విన్న పిల్ల ఇక వెతకడం మానేస్తుంది. ఇంకా ఏదో ఉందన్న గొంతు వింటే తనే దిగుతుంది. ఈ గొంతు పుట్టుకతో రాదు, శిక్షణతో వస్తుంది. కోస్‌బాడ్‌లో పల్లె ఆడవాళ్లకు, వార్లీ యువతులకు ఈ పని నేర్పడం మీద అనుతాయి అంత కాలం ఎందుకు పెట్టారో ఇక్కడ అర్థమవుతుంది.

మిగిలిన సగం

తారాబాయి 1973లో పోయారు. రెండేళ్ల తర్వాత, 1975 అక్టోబరు 2న కేంద్ర ప్రభుత్వం సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకాన్ని 33 బ్లాకుల్లో మొదలుపెట్టింది. వాటి కేంద్రాలకు అంగన్‌వాడీ పేరు పెట్టారు. అప్పగించిన సేవలు ఆరు: అనుబంధ పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, పెద్దాసుపత్రికి పంపడం, తల్లులకు పోషకాహారం మీద అవగాహన, మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు పూర్వ ప్రాథమిక విద్య. నేడు దేశంలో 13 లక్షలకు పైగా, ఆంధ్రప్రదేశ్‌లో 55 వేలకు పైగా, తెలంగాణలో 35 వేలకు పైగా కేంద్రాలున్నాయి. ఇంత పెద్ద పిల్లల కార్యక్రమం ప్రపంచంలో అరుదు. పల్లెల్లో, గూడేల్లో ఒక గుడ్డు, గ్లాసుడు పాలు, వేడి అన్నం చేసిన మేలును తక్కువ చేసి మాట్లాడటం అన్యాయం.

ఆరింటిలో ఐదు సేవల్ని తూచొచ్చు, లెక్కపెట్టొచ్చు. బియ్యం కిలోల్లో ఉంటుంది, గుడ్లు సంఖ్యలో ఉంటాయి, పిల్లల బరువు తక్కెడ మీద పడుతుంది. ఆటకు కొలత లేదు. కొలత లేనిది రిజిస్టరులో ఉండదు, రిజిస్టరులో లేనిదాన్ని పైఅధికారి అడగరు. కేంద్రంలో ఉండేది ఒక టీచరు, ఒక ఆయా. వంట సరుకు, గర్భిణుల జాబితా, టీకాల రోజు, ఇంటింటి సందర్శన, 2021 నుంచి ఫోనులో పోషణ్ ట్రాకర్. వీటన్నిటి మధ్య ఆటకు మిగిలేది ఎంత సమయమో ఈ సభలో ముందు వరసల్లో కూర్చున్న అంగన్‌వాడీ టీచర్లకు, ఆయాలకే బాగా తెలుసు.

ఇటు ఖాళీని కాన్వెంటు నింపింది. మూడేళ్లకే టై, బెల్టు, ఎల్‌కేజీలో కర్సివ్ రాత, అర్థం తెలియని రైమ్స్. 1993లో యశ్‌పాల్ కమిటీ పసిపిల్లల మీద అతి చదువు రుద్దడం హింసతో సమానమని హెచ్చరించింది. నర్సరీ ప్రవేశాలకు పరీక్షలు, ఇంటర్వ్యూలు రద్దు చేయమంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రవేశ పరీక్షల్ని నిషేధించింది గానీ ఆరేళ్లలోపు చదువును హక్కుగా ఇవ్వలేదు. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును ఒకే పునాది దశగా కలిపింది. 2022లో వచ్చిన పాఠ్య ప్రణాళికా చట్రం ఆటను ఆ దశకు మధ్యలో నిలబెట్టింది. కాగితం మీద తారాబాయి గెలిచినట్టే.

నేల మీద ఏముందో తెలంగాణ పల్లెల పిల్లలే చెప్పారు. ఢిల్లీలోని అంబేడ్కర్ విశ్వవిద్యాలయం, విద్యా సర్వేలు చేసే అసర్ కేంద్రం 2011 నుంచి అస్సాం, రాజస్థాన్, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని తెలంగాణ ప్రాంతంలో సుమారు 14,000 మంది పిల్లల్ని నాలుగేళ్ల వయసు నుంచి ఎనిమిదేళ్ల దాకా వెంబడించి చూశాయి. ఎక్కువమంది పిల్లలు ఏదో ఒక బడికి పోతూనే ఉన్నారు. అయినా ఐదేళ్లు వచ్చేసరికి ఒకటో తరగతికి కావలసిన సన్నద్ధత చాలామందిలో లేదు. అంగన్‌వాడీల్లో చదువు నామమాత్రం, ప్రైవేటు బాలబడుల్లో ఒకటో తరగతి పాఠాన్నే కిందికి దించారు. రెండు రకాల బడులూ ఆటను వదిలేశాయి, దారులే వేరు. వయసుకు తగిన ఆటపాటలు ఉన్నచోట పిల్లల సన్నద్ధత మెరుగ్గా కనిపించింది.

చేయగలిగినవి మూడు పనులున్నాయి. మొదటిది మనిషి. చదువు కోసమే ఇంకో టీచరు ఉంటే తప్ప మొదటి టీచరు పొయ్యి దగ్గర నుంచీ ఫోను దగ్గర నుంచీ లేవలేదు. రెండోది శిక్షణ. హాల్లో కూర్చోబెట్టి తెర మీద పాఠాలు చూపితే ఆ గొంతు రాదు. బాగా నడిచే కేంద్రంలో కొన్ని వారాలు పిల్లల పక్కనే కూర్చుని నేర్చుకోవాలి. మూడోది పర్యవేక్షణ. సూపర్‌వైజరమ్మ తనిఖీకి వచ్చినప్పుడు స్టాకు, హాజరు, బరువులు చూసుకున్నాక ఒక అరగంట వెనక గోడకు ఆనుకుని కూర్చుని, ఆ అరగంటలో పిల్లలు టీచరును ఎన్ని ప్రశ్నలు అడిగారో, అవి ఏమిటో రాసుకోవచ్చు. దీనికి కొత్త యాప్ అక్కర్లేదు, నిధులు అక్కర్లేదు, రిజిస్టరులో ఒక గడి చాలు. ఆ బ్రిటిష్ నర్సరీల్లో గంటకు రెండు దగ్గర ఆగిన అంకె మన కేంద్రాల్లో ఎంతో జిల్లాల వారీగా ఏడాదికోసారి బయటపెడితే, బియ్యం లెక్కలు అడిగినట్టే ఆట లెక్క కూడా శాసనసభలో ఎవరో ఒకరు అడుగుతారు.